బాపు బాయిల ఉంటే దేవునికి కనబడుతడా?

చెల్లే, రా, కూర్చో. ఫస్ట్ షిఫ్ట్‌కు పోయేవాళ్లకు టిఫిన్ కట్టి, పిల్లలకు జడలేసి బడికి తోలి, ఇప్పుడే కదా మనం కాస్త కాళ్లు చాపుకునేది. టీ చల్లారకముందే ఒక మాట మాట్లాడుకుందాం. ఈ మధ్య గోదావరిఖనిలో ఏ క్వార్టర్‌కు పోయినా తల్లులు ఇదే అంటున్నారు: "అక్కా, మావాడు దేవుని గురించి అడిగితే ఏం చెప్పాల్నో తోస్తలేదు. ఒకటి చెప్తే పది అడుగుతున్నడు. ఆఖరికి నోర్మూసుకొమ్మంటున్న."

అలా కసిరాక మనకు మాత్రం మనసు ఊరుకుంటుందా? మనకే సరిగ్గా తెలియని సంగతి పిల్లలకేం చెప్తామని ఒక గుబులు, తప్పు చెప్తే పాపమేమోనని ఇంకో గుబులు. అన్నిటికంటే పెద్ద గుబులు, రేపు పక్కింటి వాళ్ల ముందు వీడు ఏం వాగుతాడో అని. ముందు అవన్నీ పక్కన పెట్టు. నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు మన దగ్గరికి వేదాంతం నేర్చుకోవడానికి రారు. వాళ్ల ప్రశ్న వెనక దాదాపు ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. బాపో, నానమ్మో, పక్క క్వార్టర్ సోపతో. ఆ మనిషెవరో కనిపెట్టామంటే ఏం చెప్పాలో మనకే తోస్తుంది.

మన బొగ్గుబాయి పిల్లల ప్రశ్నే ఒకటి చెప్తా విను. బాపు సెకండ్ షిఫ్ట్‌కు పోతుంటే ఆరేళ్ల పిల్ల వాళ్లమ్మ కొంగు పట్టుకుని అడిగింది. "అమ్మా, అండ్ల మొత్తం చీకటే గదా. బాపు బాయిల ఉంటే దేవునికి కనబడుతడా?" వేరే ఊళ్ల పిల్లలకు ఈ ప్రశ్న రాదు. దేవుడు పైన ఉంటాడని మనమే చెప్తాం, బాపేమో రోజూ కిందికి దిగుతాడు. ఆ చిన్న బుర్రకు లెక్క కుదరలేదు, అంతే.

వెంటనే మన నోటికొచ్చేదేంటి? "ఎందుకు కనబడడు? దేవుడున్నడు, బాపుకు ఏం గాదు పో." ఎంత ప్రేమతో అంటామో ఆ మాట! కానీ అందులో రెండు ముక్కలున్నాయి, విడదీసి చూడు. దేవుడికి చీకట్లో కూడా కనిపిస్తుందనేది మన నమ్మకం. అది నిండు మనసుతో చెప్పు. బాపుకు ఏం కాదనేది మాత్రం దేవుడి తరఫున మనం రాసిచ్చే హామీ. అది ఇవ్వొద్దు. 2003 జూన్ 16న మన జీడీకే 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది తిరిగి రాలేదు. ఆ ఇళ్లలో దీపాలు పెట్టలేదా? ఆ పిల్లలు దండాలు పెట్టలేదా? మొక్కితే ఏం కాదని చెప్పి పెంచామనుకో, రేపు బాపు చేతికి కట్టుతో ఇంటికొచ్చినా పిల్లలు రెండిట్లో ఒకటి అనుకుంటారు. దేవుడు మోసం చేసిండు అనో, నేను సరిగ్గా మొక్కలేదు అనో. ఆ రెండోదాన్ని చూస్తేనే నాకు భయం. చిన్న వయసులో పిల్లలు ఇంట్లో జరిగే చెడుకు తామే కారణమని తరచూ అనుకుంటారు. బయటికి చెప్పరు కూడా. లోపలే దాచుకుని కుములుతారు.

మరి ఏం చెప్దాం? నమ్మకం చెప్దాం, దాని పక్కనే తెలిసిన సంగతి కూడా చెప్దాం. "దేవునికి చీకట్ల గూడ కనబడుతదనే నాకనిపిస్తది బిడ్డా. అదొక్కటే గాదు, బాపు నెత్తి మీద లైటుంటది తెల్సా?" అని మొదలుపెట్టి, అక్కడి నుంచి బాపునే పిలువు. ఆయనతోనే చెప్పించు. ల్యాంప్ రూంలో తీసుకున్న క్యాప్ ల్యాంప్ టోపీకి ఎలా తగిలించుకుంటారో, నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ ఎందుకు కట్టుకుంటారో చెప్పమను. జట్టు లోపలికి పోకముందే సర్దార్ పోయి కప్పు తట్టి చూసి, గ్యాస్ ఉందో లేదో పరీక్ష చేసి వస్తాడని చెప్పమను. కప్పు కూలకుండా బోల్టులు ఎలా బిగిస్తారో చేత్తో చూపించమను. రామగుండంలో మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది కదా, వీపున ఆక్సిజన్ కట్టుకుని పొగలోకి కూడా దిగే నేర్పున్న మనుషులు అక్కడున్నారని చెప్పమను. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపే బాపైతే ఆ డంపర్ సంగతులే చెప్తాడు. ఆ పిల్లకు కావలసిందేంటంటే, బాపును కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఉన్నారా అనేది. ఉన్నారు. బోలెడుమంది ఉన్నారు. వాళ్ల పేర్లు, వాళ్ల పనులు తెలిస్తే ఆ రాత్రి పిల్ల హాయిగా పడుకుంటుంది.

బాయి మీద మైసమ్మను పిల్లలకు ఎప్పుడైనా చూపించావా? చిన్న గూడు, పసుపు రాసిన రాయి, పెద్ద బొట్టు, నాలుగు నిమ్మకాయలు. దిగేవాళ్లు బూట్లతోనే ఒక్క క్షణం ఆగి, చేయి గుండెకు ఆనించుకుని పోతారు. మొక్కేవాళ్లు మొక్కుతారు, మొక్కనివాళ్లు దాటిపోతారు, లోపలికి పోయాక అందరిదీ ఒకే జట్టు. ఇది మన దగ్గరే కాదు, పోలండ్ బొగ్గుగనుల్లో డిసెంబర్ 4 వస్తే సెయింట్ బార్బరా పండుగ. గనికి పోయేవాళ్లు నల్లటి యూనిఫాం వేసుకుని, ఈకల కుచ్చున్న టోపీలు పెట్టుకుని చర్చికి పోతారు. బొలీవియాలో పొటోసి అనే ఊరి గనుల్లోనైతే ఇంకా చిత్రం. సొరంగంలో కొమ్ములున్న ఒక బొమ్మను కూర్చోబెట్టి, ఎల్ టియో అని పిలిచి, కోకా ఆకులు, సిగరెట్లు నైవేద్యం పెడతారు. బయటికొస్తే వాళ్లలో ఎక్కువమంది చర్చికి పోయేవాళ్లే. ఈ ముచ్చట మా ఇంట్లో పిల్లలకు చెప్తే కళ్లింతలు చేసుకుని విన్నారు. మన మైసమ్మ ఒక్కతే కాదు, ప్రపంచంలో ఎక్కడ మనిషి భూమి కిందికి దిగినా ఒక తోడు వెతుక్కుంటాడని వాళ్లకు మతం పేరెత్తకుండానే అర్థమైంది.

ఇక సోపతుల ముచ్చట. మన కాలనీల్లో ఎవరెక్కడి నుంచి రాలేదు చెప్పు! చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, కోస్తా నుంచి వచ్చినవాళ్లు, యూపీ, బీహార్, ఒడిశా వాళ్లు, ఎన్టీపీసీ వైపు పోతే దేశమంతా అక్కడే ఉంటుంది. గోడ ఇవతల అగరొత్తుల వాసన, అవతల నమాజు, ఎదుటి వరుసలో ఆదివారం ప్రార్థన. పిల్లలు చూస్తారు, అడుగుతారు. "వాళ్లింట్ల దేవుని బొమ్మ లేదేందే?" అంటారు. అప్పుడు మనం కంగారుపడి గొంతు తగ్గించి "ష్, అట్ల అడగొద్దు" అంటే, అందులో ఏదో తప్పున్నట్టు పిల్లల మనసులో పడిపోతుంది. ఎందుకు తగ్గించాలి గొంతు?

హిందువుల ఇల్లైతే ఒక తేలిక దారి చెప్తా. గోలివాడ దగ్గర గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ జాతరకు పిల్లలను తీసుకుపోయే ఉంటావు, మేడారానికీ పోయే ఉంటావు. అక్కడ గద్దె మీద విగ్రహం ఉందా? సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది, గద్దె మీద వెదురు కర్ర ఉంటుంది. దానికే కోట్ల మంది నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి మొక్కుతారు. "బొమ్మ లేకున్నా మనం మొక్కుతలేమా బిడ్డా? వాళ్లు గూడ అంతే, బొమ్మ పెట్టుకోరు" అంటే అయిపోయింది. మీది ముస్లిం ఇల్లైతే, చర్చికి పోయే ఇల్లైతే, మీ పిల్లలు ఎదురు ప్రశ్న అడుగుతారు. "వాళ్లకు అంతమంది దేవుళ్లెందుకు?" దానికీ అదే నెమ్మది కావాలి. "వాళ్లు అట్ల తలుచుకుంటరు, మనం ఇట్ల తలుచుకుంటం" అను.

ఇక్కడ నేను కాస్త పట్టుబట్టే సంగతి ఒకటుంది. "అందరి దేవుడూ ఒక్కడే" అని మనం చటుక్కున అనేస్తాం. మంచి మాటే, మన అమ్మమ్మలు అన్న మాటే. కానీ పక్కింటి తల్లి అలా నమ్మకపోవచ్చు. తన దేవుడు తనకు వేరే అనుకోవచ్చు. అప్పుడు మన పిల్ల పోయి "మీ అల్లా, మా రాముడు ఒక్కరే అంట" అంటే ఆమెకు ఇబ్బంది. అందుకని "మనం ఇట్ల అనుకుంటం" అనే మాట ముందు పెట్టి చెప్పు. పక్కవాళ్ల తరఫున వాళ్ల నమ్మకాన్ని మనం చెప్పకుండా, వాళ్లనే అడగమని పంపు. పిల్లలు అడిగితే ఏ తల్లీ కోప్పడదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్తుంది.

తిండి దగ్గర పిల్లల మనసు తొందరగా నొచ్చుకుంటుంది, ఇది బాగా గుర్తుపెట్టుకో. సంక్రాంతికి మన పిల్ల వేరే మతం సోపతి ఇంటికి ఆశగా సకినాల డబ్బా పట్టుకుపోతుంది. దేవుడికి పెట్టింది కదా అని వాళ్లు మొహమాటంగా పక్కన పెడతారు. పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తుంది, "నేనిచ్చింది తినలే" అని. పిల్లకు జ్ఞానం బోధించకముందు మనమే ఒక పని చేయాలి. దేవుడి దగ్గర పెట్టకముందే వాళ్ల వాటా వేరే డబ్బాలో తీసిపెట్టు. ఇచ్చేటప్పుడు "ఇవి ముందే తీసినయి వదినా" అని ఒక్క మాట చెప్పు. ఎంత సంతోషంగా తీసుకుంటారో చూడు. రంజాన్‌కు వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది, క్రిస్మస్‌కు కేకూ గులాబీ పువ్వులూ వస్తాయి. మనింట్లో మాంసం తినని పెద్దవాళ్లుంటే ఆ సంగతి కూడా ముందే చెప్పుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు. "వాళ్లు ప్రసాదం తినరు, మనమంటే ఇష్టం లేక గాదు. నానమ్మ శనివారం కూర తినదు సూడు, అట్లనే" అంటే ఐదేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది.

అంతకంటే బరువైన మాట ఇంకొకటి ఈమధ్య ఇళ్లలోకి వస్తోంది. బడి నుంచో, ఎవరి ఫోన్ నుంచో. "అమ్మా, వాళ్లు మంచోళ్లు గాదంట. వాళ్లతోని ఆడొద్దంట." ఇది విన్నప్పుడు గుండె జారుతుంది కదా? కానీ పిల్లను కొట్టొద్దు, కేకలేయొద్దు. పిల్ల ఆ మాట కనిపెట్టలేదు, మోసుకొచ్చింది అంతే. "ఎవరన్నరు బిడ్డా? నీకేమనిపిస్తుంది? నిన్న నీకు సైకిల్ నేర్పింది ఎవలు?" అని అడుగు. ఆ సాయంత్రమే ఆ ఇంటికి పిల్లను వెంటబెట్టుకుని పో, ఊరికే, ఓ అరగంట కూర్చుని రా. బాపును కూడా మాట్లాడమను. గనిలో తన పక్కన పనిచేసేది ఎవరో, తన తల మీద కప్పుకు బోల్టు బిగించింది ఎవరి చేతులో ఆయన పేర్లతో సహా చెప్పగలడు. ఆ పేర్లలో అన్ని మతాలూ ఉంటాయి. ఫోన్‌లో ఎవరో తెలియని మనిషి చెప్పినదాని కంటే బాపు చెప్పిన పేర్లు పిల్ల మనసులో గట్టిగా నాటుకుంటాయి.

వేములవాడ రాజన్న దగ్గరికి మా చిన్నప్పుడు పోతే, కోడె మొక్కు చెల్లించాక అమ్మ గుడి ఆవరణలో ఉన్న దర్గా దగ్గర కూడా ఆగి దండం పెట్టేది. గుడిలో దర్గా ఏందని నాకు అప్పుడు అనిపించనే లేదు. పీరీల పండుగకు మన ఊళ్లలో హిందువుల ఇళ్లవాళ్లే పీరీలెత్తుకుని, నిప్పుల గుండం చుట్టూ దూలా ఆడేది, మలీద పంచేది. పిల్లలకు ఇవన్నీ చూపించు చెల్లే. మన జిల్లాలోనే ధూళికట్టలో రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం ఉంది, ఒక సెలవు రోజు టిఫిన్ కట్టుకుని అక్కడికీ పో. ఇదే నేల మీద ఎన్ని తీర్ల మనుషులు ఎన్ని తీర్ల మొక్కారో రాళ్లే చూపిస్తాయి.

మేకపిల్ల సంగతికొద్దామా? జాతర ముందో, బక్రీద్ ముందో ఇంటి ముందు మేకను కడతాం. పిల్లలు దానికి ఆకులు పెడతారు, పేరు పెడతారు, మెడ పట్టుకుని ఫొటోలు దిగుతారు. ఆ రోజు వచ్చేసరికి "దేవుడు మంచోడైతే మేకను ఎందుకు చంపుమంటడు?" అని ఏడుస్తారు. ఏ మతం ఇంట్లోనైనా ఇదే ఏడుపు. "దేవుడే అడిగిండు" అని తప్పించుకుంటే పిల్లకు దేవుడంటేనే భయమేస్తుంది. "మనం మాంసం తింటం బిడ్డా, దాన్ని ముందు దేవునికి చూపిచ్చి, చుట్టాలకు, లేనోళ్లకు పంచి తింటం. కొందరికి ఇది నచ్చదు, వాళ్లు తినరు. నీకు ఈసారి తినబుద్ధి కాకుంటే తినకు" అని ఉన్నదున్నట్టు చెప్పు. వద్దన్న పిల్లను కోసే చోట నిలబెట్టొద్దు, "మగపిల్లోనివి, ఏడుస్తవా" అని ఎగతాళి అసలే వద్దు. ఆ ఏడుపు మంచి మనసు ఉందని చెప్పే ఏడుపు. ఇంకొకటి, మేకను తెచ్చిన రోజే అది ఎందుకొచ్చిందో చెప్పేస్తే సగం దుఃఖం తప్పుతుంది.

ఇంట్లో పెద్దప్రాణం పోయినప్పుడు మనమే దుఃఖంలో ఉంటాం, నోటికొచ్చిన మాట అనేస్తాం. నానమ్మ నిద్రపోయింది అంటాం. ఆ రాత్రి నుంచి పిల్ల పడుకోవడానికి భయపడుతుంది. మంచివాళ్లను దేవుడు తొందరగా తీసుకుపోతాడు అంటాం. పిల్ల మంచిగా ఉండటానికే జంకుతుంది. చచ్చిపోయినవాళ్లు ఇక తిరిగి రారన్న సంగతి పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్యలోనే పూర్తిగా తెలిసొస్తుంది, అందుకే అంతకంటే చిన్నవాళ్లు "నానమ్మ ఎప్పుడొస్తది" అని మళ్లీ మళ్లీ అడుగుతారు. విసుక్కోకు. "నానమ్మ ఒళ్లు పనిచేసుడు ఆగిపోయింది. ఇగ రాదు. మనకు యాదికొస్తది, ఏడుపొస్తది" అని ముందు చెప్పు. ఆ తర్వాత మీ నమ్మకం ఏదైతే అది. స్వర్గమో, జన్నతో, ప్రభువు దగ్గరో, చుక్కయిందనో, మట్టిలో కలిసిందనో. చివరగా, పిల్ల అడగకపోయినా సరే, "ఇది నీ వల్ల గాలేదు" అని ఒక్కసారి దగ్గరికి తీసుకుని చెప్పు. గనిలో బాపును పోగొట్టుకున్న ఇంట్లోనైతే ఆ మాట ఒక్కసారి చెప్తే చాలదు, ఏళ్లతరబడి చెప్తూనే ఉండాలి.

ఇప్పుడు కాస్త గదమాయిస్తా, ఏమనుకోకు. దేవుణ్ని పోలీసును చేయడం మానేద్దాం మనం. అన్నం పారేస్తే కళ్లు పోతాయి, పుస్తకం తొక్కితే చదువు రాదు, అబద్ధమాడితే దేవుడు కొడతాడు! పని తొందరగా అవుతుంది, నిజమే. పొద్దున్నే ఏడింటికి షిఫ్ట్‌కు పంపే తల్లికి వివరంగా చెప్పే తీరికెక్కడిది? కానీ ఆ పిల్లకు జ్వరమొచ్చిన రోజు తాను చేసిన తప్పులన్నీ లెక్కపెట్టుకుంటూ పడుకుంటుంది. "అన్నం పండించనీకి శానా కష్టపడ్డరు, పారేయకు" అంటే కూడా అంతే సమయం పడుతుంది.

ఆడపిల్లలు అడిగే ఇంకో ప్రశ్న కూడా ఉంది. "అమ్మా, ఈ మూడు దినాలు నువ్వు దేవుని దగ్గరికి రావేంది?" నీ ఇంటి పద్ధతి నీ ఇష్టం, నేను మార్చమనను. అంటు, మైల అనే మాటలు మాత్రం ఆ పిల్ల చెవిన వేయకు. "ఆడోళ్ల ఒంట్ల నెలకోసారి రక్తం పోతది, అది రోగం గాదు, తప్పు గాదు. మనింట్ల పాత అలవాటు, ఈ మూడు దినాలు నాన్న దీపం పెడ్తడు" అంటే చాలు. రేపు తన వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల దేవుడికి తనంటే పడదని అనుకోకూడదు కదా?

ఒక్క చోట మాత్రం నెమ్మదితనం పనికిరాదు. "ఆ తాతను గుడి లోపటికి ఎందుకు రానియ్యలే?" అని పిల్ల అడిగితే, "వాళ్ల పద్ధతి వాళ్లది" అని దాటేయొద్దు. అది తప్పు అని చెప్పు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలోనే రద్దు చేసిందని, అంబేడ్కర్ దాని కోసమే పోరాడాడని చెప్పు. చౌరస్తాలో ఆయన విగ్రహం రోజూ చూసే పిల్లలు మన పిల్లలు. ఆయన ఎవరో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు.

మన బొగ్గుబెల్టు ఇళ్లలో ఇంకో చిక్కు ఉంటుంది, అది నాకు బాగా తెలుసు. ఆయన యూనియన్ మనిషి, ఎర్రజెండా పట్టుకుని పెరిగినవాడు, దేవుడు లేడంటాడు. ఆమె శుక్రవారం శుక్రవారం తలస్నానం చేసి దీపం పెడుతుంది. మధ్యలో పిల్ల. "బాపు లేడంటున్నడు, నువ్వు ఉన్నడంటున్నవ్. ఎవలది కరెక్ట్?" అప్పుడు ఆమె "మీ బాపుకు పాపం తగుల్తది" అంటుంది, ఆయన "మీ అమ్మకేం తెల్వది" అంటాడు. పిల్ల దేవుడి గురించి అడిగితే మనం మొగుడూపెళ్లాల తగవు తీర్పుకు కూర్చోబెడతాం.

మన తెలుగునాట దేవుడు లేకుండా పిల్లలను పెంచిన పెద్ద ఇల్లు ఒకటుంది, విన్నావా? గోరా గారిది, గోపరాజు రామచంద్రరావు. దేవుడు లేడన్నందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. భార్య సరస్వతి గోరాతో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. సరస్వతి గారైతే కడుపుతో ఉండి గ్రహణం రోజు బయట తిరిగి పనులు చేసి చూపించారు. తొమ్మిది మంది పిల్లలు. దేవుళ్ల పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం నాటి 1930లో పుట్టిన కొడుకు లవణం, ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకు సమరం. ఆ లవణం గారే పెద్దయ్యాక కవి జాషువా కూతురు హేమలతను పెళ్లి చేసుకున్నారు. అంత గట్టి నాస్తికుడైన గోరా, పొద్దున్నా సాయంత్రం ప్రార్థన చేసే గాంధీతో ఆయన ఆశ్రమంలోనే కూర్చుని వాదించారు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ప్రేమ పోగొట్టుకోలేదు. ఆ ఇద్దరు మాట్లాడుకోగలిగినప్పుడు, ఒకే కంచంలో తినే మనం మాట్లాడుకోలేమా?

అందుకే మీ ఆయనకు కూడా ఈ ముచ్చట చదివి వినిపించు. పిల్ల అడిగినప్పుడు ఆయన "నాకు దేవుడు లేడనిపిస్తది" అనాలి, నువ్వు "నాకు ఉన్నడనిపిస్తది" అనాలి. ఇద్దరూ కలిసి "నువ్వు పెద్దగైనంక నీకేదనిపిస్తదో సూద్దాం, ఇప్పటికైతే తొందర లేదు" అనాలి. అబద్ధం చెప్పొద్దు, దొంగతనం చేయొద్దు, ఎవర్నీ ఏడిపించొద్దు అనే మాటల్లో ఇద్దరికీ తేడా లేదు కదా. అది పిల్లకు తెలియనివ్వండి. రెండు మతాలవాళ్లు పెళ్లి చేసుకున్న ఇంటికైనా ఇదే పనికొస్తుంది. పుట్టినప్పటి నుంచి పిల్లకు రెండు పండుగలు కలిసొచ్చాయనుకోండి, ఏది నిజమని దాన్ని నిలదీయకండి.

బడి సంగతి కూడా తెలిసి ఉండు. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుంది. ప్రైవేటుదైనా, మిషన్‌దైనా, సర్కారు గుర్తింపో సాయమో ఉన్న బడిలో తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లలను మతబోధనలో, మతప్రార్థనలో కూర్చోమని బలవంతపెట్టకూడదు. అయ్యప్ప మాలో, హనుమాన్ దీక్షో వేసుకున్న పిల్లవాడిని, రోజా ఉన్న పిల్లను బడికి పంపేముందు నువ్వే పోయి టీచర్‌తో ఒక మాట చెప్పిరా. యూనిఫాం బదులు ఏం వేసుకొస్తాడో, ఎప్పుడు తింటాడో ముందే మాట్లాడుకుంటే, గేటు దగ్గర పిల్లవాడు అందరి ముందు తల దించుకునే పని ఉండదు. టీచర్లకూ మన పిల్లలంటే ప్రేమే, వాళ్లకు తెలియాలి అంతే.

"మరి నాకే తెలియనిది అడిగితే?" అంటావు. తెలియదని చెప్పు. "దేవుణ్ని ఎవలు పుట్టించిండ్రు" అంటే నువ్వేం చెప్తావు, నేనేం చెప్తా? "ఈ ప్రశ్న శానా మంది పెద్ద పెద్దోళ్లు అడిగిండ్రు బిడ్డా, నాకూ తెల్వది. నువ్వేమనుకుంటున్నవ్?" అని అడిగి చూడు. వాళ్లు చెప్పే జవాబుల ముందు మన బుర్ర ఏ మూలకూ చాలదు.

ఇక మిగిలింది అత్తమ్మ. మనం ఎంత నెమ్మదిగా చెప్పినా, ఆమె ఒక్క మాటతో "కండ్లు పోతయ్" అనేస్తుందని నీ బాధ. ఆమెతో పిల్లల ముందు వాదన పెట్టుకోకు. ఆమె పెరిగిన తీరు అది, మనవరాలంటే ఆమెకు ప్రాణం. మధ్యాహ్నం తమలపాకులు ముందు పెట్టి, "అత్తమ్మా, నువ్వు కథలు చెప్తే దానికి ఇష్టం. భయం మాటలొద్దు, కథ చెప్పు" అను. కరువులో కప్పం కట్టలేమన్న మేడారం వాళ్ల మీదికి కాకతీయుల సైన్యం వస్తే సమ్మక్క ఎట్లా ఎదురు నిలిచిందో, జంపన్న ఏ వాగులో దూకితే దానికి ఆయన పేరొచ్చిందో, ఆమె చెప్పినట్టు నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. ఈ ఆదివారమే మొదలుపెట్టించు. కథ మధ్యలో పిల్ల ఏ ప్రశ్న వేసిందో, దానికి అత్తమ్మ ఏం చెప్పిందో నాకు రాసి పంపు.